తొలి విశ్వం గురించి ఏ సిద్ధాంతమైనా చెప్పొచ్చా? క్వాంటమ్ సూత్రాలు గీసే హద్దులపై చర్చ

అన్వేషి:
అందరికీ నమస్కారం. తొలి విశ్వం మీద ఏ వ్యాసం తెరిచినా ఒకే మాట కనిపిస్తోంది. ప్లాంక్ కాలానికి ముందు, అంటే తొలి క్షణంలోని అతి చిన్న భాగంలో, మనకు తెలిసిన భౌతికశాస్త్రం పనిచేయదు, అక్కడ క్వాంటమ్ గురుత్వ సిద్ధాంతం కావాలి, అది ఇంకా చేతికి రాలేదు అని. ఇది చదివి చాలామంది "అయితే అక్కడ ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చు" అనుకుంటున్నారు. నాకది సరైన ముగింపుగా అనిపించడం లేదు. ఈ విషయంలో క్వాంటమ్ మెకానిక్స్ "తెలియదు" అని చెప్పడానికే పనికొస్తుందా, లేక కొన్ని సిద్ధాంతాలను నిజంగానే కొట్టేస్తుందా? కొట్టేస్తే ఏ సూత్రం దేన్ని ఎలా కొట్టేసిందో ఉదాహరణలతో చెప్పండి. డిగ్రీ స్థాయి ఫిజిక్స్ వచ్చు, కొంచెం లెక్కలున్నా ఇబ్బంది లేదు.

ధ్రువతార:
ముందు ఆ ప్లాంక్ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం అండీ. చిన్న దూరాన్ని పరిశీలించాలంటే పెద్ద శక్తి కావాలి. ఇది అనిశ్చితత్వ సూత్రం చెప్పేది. పెద్ద శక్తిని చిన్న చోట కూరితే స్థలకాలం వంగుతుంది. ఇది సాధారణ సాపేక్షత చెప్పేది. రెండూ కలిపి చూస్తే ఒక దశలో మనం చూడాలనుకున్న చోటే కృష్ణబిలం అయిపోతుంది. ఆ దూరం సుమారు 1.6 × 10⁻³⁵ మీటర్లు, దీన్నే ప్లాంక్ దూరం అంటారు. కాంతి దాన్ని దాటడానికి పట్టే సమయం, అంటే ప్లాంక్ కాలం, 5.4 × 10⁻⁴⁴ సెకన్లు. శక్తి లెక్కలో (ప్లాంక్ శక్తి) 1.2 × 10¹⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకు లోపల స్థలం, కాలం అన్న మాటలకే ఇప్పటి అర్థం నిలుస్తుందన్న హామీ లేదు.

కానీ మనకు ఆనవాళ్లు దొరికిన తొలి విశ్వం ఆ హద్దుకు చాలా ఇవతల ఉంది. విశ్వం మొదట్లో విపరీతమైన వేగంతో సాగిందని చెప్పే ఇన్‌ఫ్లేషన్ దశనే తీసుకోండి. ఇప్పటి కొలతల ప్రకారం దాని శక్తి 10¹⁶ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపులు దాటి ఉండదు. అంటే ప్లాంక్ శక్తిలో సుమారు వెయ్యో వంతు. అక్కడ గురుత్వాన్ని సాపేక్షత సిద్ధాంతంతోనే లెక్కించి, దాని మీద క్వాంటమ్ క్షేత్రాలను పరిచి లెక్క వేయొచ్చు. క్వాంటమ్ సూత్రాల కత్తెర పడేది ఎక్కువగా ఈ భాగంలోనే. ప్లాంక్ గోడ దగ్గర కాదు.

కృత్తిక:
ధ్రువతార గారు వేసిన పునాది మీద నేను అసలు ఉదాహరణ చెబుతాను. ఈ విషయం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

అనిశ్చితత్వ సూత్రాన్ని మనం కణం స్థానానికి, ద్రవ్యవేగానికి చెప్పుకుంటాం. క్షేత్రానికి కూడా అదే వర్తిస్తుంది. ఒక చోట క్షేత్రం విలువ, అది మారే వేగం, రెండూ ఒకేసారి ఖచ్చితంగా సున్నా కాలేవు. కాబట్టి ఏమాత్రం హెచ్చుతగ్గులు లేని, పూర్తిగా నున్నని విశ్వం అసాధ్యం. "మొదట్లో అంతా సమానంగా ఉండేది" అని చెప్పే ఏ సిద్ధాంతమైనా ఇక్కడే ఓడిపోతుంది. కనీస అసమానత ఒకటి తప్పదు. అది ఎంతో కూడా లెక్క కట్టొచ్చు.

ఇన్‌ఫ్లేషన్‌లో ఈ కనీస కంపనాలకు ఏమవుతుందంటే, ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కో సరళ హరాత్మక డోలకం ఉన్నట్టు ఊహించండి. ఒక్కోటీ తన కనిష్ఠ శక్తి స్థితిలో ఉంటుంది, అయినా కొంచెం కదులుతూనే ఉంటుంది. విశ్వం సాగేకొద్దీ ఆ తరంగం కూడా సాగుతుంది. దాని పొడవు, కాంతి ఒక వ్యాకోచ కాలంలో వెళ్లగలిగే దూరాన్ని మించిపోయాక డోలనం ఆగిపోతుంది. ఆ క్షణంలో ఉన్న విలువ అలాగే గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. చాలాకాలం తర్వాత అదే పదార్థంలో ఎక్కువ తక్కువలుగా బయటపడి, గురుత్వం వల్ల గెలాక్సీలుగా పెరుగుతుంది. 1981లో ముఖనోవ్, చిబిసోవ్ ఈ లెక్క మొదట చేశారు. వాళ్లు చేసింది 1980లో స్టారోబిన్‌స్కీ ప్రతిపాదించిన నమూనా మీద.

ఇక కొట్టేయడం సంగతి. ఇన్‌ఫ్లేషన్‌కు గూత్ 1981లో ఇచ్చిన మొదటి రూపంలో లోపం ఉందని తేలాక 1982లో లిండే, వేరుగా ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ కలిసి కొత్త రూపం ఇచ్చారు. చాలా అందంగా కుదిరింది. అదే ఏడాది వేసవిలో కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశంలో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గూత్-పై జంట, బార్డీన్-స్టైన్‌హార్ట్-టర్నర్ బృందం వేర్వేరు దారుల్లో క్వాంటమ్ కంపనాల పరిమాణం లెక్కించారు. వచ్చిన విలువ విశ్వానికి కావలసినదానికంటే లక్ష రెట్లకు మించి ఎక్కువ! అలాంటి విశ్వంలో పదార్థం గెలాక్సీలుగా మారేలోపే కుప్పకూలిపోతుంది. కణ భౌతికశాస్త్రం నుంచి సహజంగా వచ్చిన ఆ నమూనా అక్కడితో పోయింది. అది చేసిన తప్పు ఏ పరిశీలనకో విరుద్ధంగా ఏదో ఊహించడం కాదు. దాని సమీకరణాలకు అనిశ్చితత్వ సూత్రాన్ని నిజాయితీగా వర్తింపజేస్తే వచ్చిన ఫలితం అది. అప్పటి నుంచి ఇన్‌ఫ్లేషన్ క్షేత్రం తనతో తాను జరిపే చర్య బలం, ఆ తరహా నమూనాల్లో, లక్ష కోట్లలో ఒక వంతు స్థాయికి మించకూడదని అందరూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

అన్వేషి:
ఇది నేను ఎక్కడా చదవలేదు, ధన్యవాదాలు. మరి ఆ కంపనాలు నిజంగా కనిపించాయా?

కృత్తిక:
కనిపించాయండీ. విశ్వం పుట్టిన దాదాపు 3,80,000 ఏళ్లకు విడుదలైన కాంతి ఇప్పుడు 2.725 కెల్విన్ సూక్ష్మతరంగాలుగా అన్ని వైపుల నుంచీ వస్తోంది. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని ప్రకటించారు. 1992లో కోబె ఉపగ్రహం అందులో లక్షలో ఒక వంతు తేడాలు చూపించింది. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల నాటికి ఆ తేడాల తీరు చాలా ఖచ్చితంగా తేలింది. పెద్ద అలలకూ చిన్న అలలకూ బలం దాదాపు సమానం, కానీ పూర్తిగా సమానం కాదు. దాన్ని కొలిచే వర్ణపట సూచిక 0.965, అటూ ఇటూ 0.004. సమానమైతే 1 రావాలి. ఇన్‌ఫ్లేషన్ మెల్లగా ముగింపుకు వస్తుంటే 1కి కాస్త తక్కువ రావాలని ముందే లెక్క ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. డోలకం కనిష్ఠ స్థితిలో సంభావ్యత గంట ఆకారంలో, అంటే గాసియన్‌గా ఉంటుంది. ఆకాశంలో కొలిచిన తేడాలు కూడా గాసియన్‌గానే ఉన్నాయి. ఆ ఆకారం నుంచి పక్కకు జరిగిన భాగం వెయ్యో వంతు కూడా లేదు.

తర్కం:
ఒక్క నిమిషం. గాసియన్ అనగానే క్వాంటమ్ అని ఎలా చెప్తారు? ఏ వేడి వస్తువులో ఉష్ణ కంపనాలు చూసినా గాసియన్‌గానే ఉంటాయి. బెరెరా 1995లో ప్రతిపాదించిన వెచ్చని ఇన్‌ఫ్లేషన్‌లో హెచ్చుతగ్గులు ఉష్ణం నుంచే వస్తాయి. అందులోనూ వర్ణపట సూచికను 0.965కి తేవచ్చు. కాబట్టి "క్వాంటమ్ కంపనాలు ఆకాశంలో కనిపించాయి" అనే వాక్యం నాకు అతిశయోక్తిలా ఉంది. కనిపించింది ఉష్ణోగ్రత తేడా. దాని మూలం క్వాంటమ్ అన్నది మనం ఇచ్చిన వివరణ.

ధ్రువతార:
మీ అభ్యంతరం న్యాయమైనదే. రెండు బిందువుల మధ్య సంబంధాన్ని, అంటే ఆకాశంలో రెండు చోట్ల తేడాలు ఎంతవరకు కలిసి మారతాయో దాన్ని, మాత్రమే కొలిస్తే ఈ తేడా తెలియదు. పైగా ఇన్‌ఫ్లేషన్ ఆ క్వాంటమ్ స్థితిని విపరీతంగా నొక్కేస్తుంది. ఒక రాశిలో అనిశ్చితి పిడచగట్టుకుపోయి రెండోదాంట్లో సాగిపోతుంది. గురుత్వ తరంగాలను పట్టే లైగో డిటెక్టర్లలో శబ్దం తగ్గించడానికి 2019 నుంచి వాడుతున్న నొక్కిన కాంతి కూడా ఇదే జాతి. అలా సాగిన స్థితి బయటికి మామూలు యాదృచ్ఛిక తరంగంలాగే కనిపిస్తుంది.

అయినా మీ వాదానికి జవాబు లేకపోలేదు. మూలం సంప్రదాయ భౌతిక కంపనాలైతే అప్పుడు నిజమైన కణాలు ఉన్నట్టే. నిజమైన కణాలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి, విడిపోతాయి. శూన్య స్థితిలో ఢీకొనడానికి కణాలే లేవు. ఈ తేడా మూడు బిందువుల సంబంధంలో బయటపడాలి. ముఖ్యంగా మూడు తరంగాలు చదునుగా మడిచిన త్రిభుజంలా ఉన్నప్పుడు, సంప్రదాయ మూలంలో బలమైన సంకేతం రావాలి, క్వాంటమ్ శూన్యంలో రాకూడదు. 2020లో గ్రీన్, పోర్టో దీన్ని స్పష్టంగా చూపించారు. ఇప్పటివరకు మూడు బిందువుల సంకేతం ఏదీ దొరకలేదు కాబట్టి తీర్పు ఇంకా రాలేదు. కానీ మీ ప్రశ్నకు ప్రయోగం జవాబు చెప్పగలదు, అదే నాకు ముఖ్యం.

తర్కం:
ఇది ఒప్పుకుంటాను. "నిరూపించారు" అనకుండా "పరీక్షించొచ్చు" అంటే నాకు పేచీ లేదు.

రోహిణి:
ఇప్పటిదాకా అనిశ్చితత్వం గురించే మాట్లాడారు. దానికంటే కఠినమైన సూత్రం ఇంకొకటి ఉంది. అన్ని ఫలితాల సంభావ్యతలు కలిపితే ఒకటే రావాలి, ఏ సంభావ్యతా రుణ సంఖ్య కాకూడదు. ఖాతా పుస్తకంలో జమకూ ఖర్చుకూ లెక్క కుదరకపోతే ఆ పుస్తకాన్ని ఎంత అందంగా రాసినా ఒప్పుకోం కదా, ఇదీ అంతే.

ఇది వినడానికి అంత పెద్ద విషయంలా ఉండదు. కానీ 1987లో హిగుచి దీన్ని స్థిరమైన రేటుతో వ్యాకోచిస్తున్న డి సిట్టర్ విశ్వానికి వర్తింపజేసి ఏం కనిపెట్టారో చూడండి. గురుత్వ కణం (గ్రావిటాన్) లాగా స్పిన్ 2 ఉన్న కణానికి ద్రవ్యరాశి సున్నా అయినా ఉండాలి, లేదా దాని వర్గం వ్యాకోచ రేటు వర్గానికి రెండింతలైనా ఉండాలి, లేదా అంతకు మించాలి. మధ్యలో ఉంటే రుణ సంభావ్యతలు వచ్చేస్తాయి. అంటే తొలి విశ్వంలో గ్రావిటాన్‌కు "కొంచెం ద్రవ్యరాశి" ఇద్దామనుకున్న వాళ్లకు మామూలు దారి మూసుకుపోయింది. దీనికి ఏ టెలిస్కోపూ అవసరం పడలేదు.

ఈ దారిలో ఇప్పుడు చాలా పని జరుగుతోంది. 2018లో అర్కానీ-హమెద్, బౌమన్, లీ, పిమెంటెల్ కాలంతో పాటు సమీకరణాలను నడిపించకుండా, సౌష్ఠవాలు, సూత్రాల నుంచే ఇన్‌ఫ్లేషన్ చివర కనిపించే సంబంధాలను రాబట్టారు. 2020లో గుడ్‌హ్యూ, జజాయెరీ, పాజెర్ సంభావ్యత నిలవాలన్న షరతు నుంచి ఆ సంబంధాలు పాటించి తీరాల్సిన సమీకరణం ఇచ్చారు. ఎవరైనా ఇష్టమొచ్చిన మూడు బిందువుల ఆకారాన్ని రాసి "మా సిద్ధాంతం ఇదే" అంటే, ముందు ఆ సమీకరణానికి లోబడుతుందో లేదో చూస్తాం.

సప్తర్షి:
చిన్న జోడింపు. ఇన్‌ఫ్లేషన్ సమయంలో తేలికైన క్షేత్రం ఏది ఉన్నా దానికి కూడా ఈ క్వాంటమ్ కుదుపు తగులుతుంది. తప్పించుకునే దారి లేదు. కృష్ణ పదార్థం ఆక్సియాన్లు అనే అతి తేలికైన ఊహాత్మక కణాలతో ఏర్పడిందనుకుందాం, ఆ క్షేత్రం ఇన్‌ఫ్లేషన్‌కు ముందే ఏర్పడి ఉందనుకుందాం. అప్పుడు దాని హెచ్చుతగ్గులు మామూలు పదార్థం హెచ్చుతగ్గులతో సంబంధం లేకుండా విడిగా ఉంటాయి. సూక్ష్మతరంగ నేపథ్యంలో అలాంటి విడి భాగం జాడ లేదు, ఉన్నా కొద్ది శాతమే ఉండొచ్చు. అందుకే ఇన్‌ఫ్లేషన్ శక్తి ఎక్కువగా ఉందని రేపు తేలితే, ఈ రకం ఆక్సియాన్ కథల్లో చాలా భాగం పక్కన పెట్టాల్సిందే. ఆకాశంలో చేసిన కొలత కృష్ణ పదార్థం సిద్ధాంతాన్ని కొట్టేయగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అన్వేషి:
సరే, అసలు మొదలు సంగతి? విశ్వం ఒక ఏకత్వ బిందువు నుంచి, అంటే సాంద్రత అనంతమయ్యే చోటు నుంచి, వచ్చిందా, లేక కుంచించుకుపోయి తిరిగి ఎగిసిందా? ఎగిసింది అనే సిద్ధాంతాలకు క్వాంటమ్ మెకానిక్స్ తలుపు తెరిచిందని చాలాచోట్ల చదివాను.

ధ్రువతార:
తెరిచింది, కానీ సగమే. అమల్ కుమార్ రాయచౌధురి 1955లో రాసిన సమీకరణం మీద నిలబడి పెన్‌రోజ్ 1965లో, హాకింగ్-పెన్‌రోజ్ 1970లో ఏకత్వ సిద్ధాంతాలు నిరూపించారు. వాటికి ఒక షరతు ఉంది. శక్తి సాంద్రత ఒక పద్ధతిలో ధనాత్మకంగా ఉండాలి. క్వాంటమ్ క్షేత్రాలు ఆ షరతును కొద్దిగా ఉల్లంఘించగలవు. రెండు లోహపు పలకల మధ్య కనిపించే కాసిమిర్ ప్రభావమే అందుకు సాక్ష్యం. అందువల్ల ఏకత్వం తప్పనిసరి కాదు అనే మాట నిజం.

కానీ క్వాంటమ్ మెకానిక్సే ఆ ఉల్లంఘనకు పరిమితి కూడా పెడుతుంది. రుణ శక్తి ఎంత ఎక్కువైతే అంత తక్కువ సేపు ఉండాలని ఫోర్డ్ 1978 నుంచి చూపిస్తూ వచ్చారు. కాంతి దారి పొడవునా సగటు తీస్తే శక్తి రుణాత్మకం కాదని చదునైన స్థలకాలంలో 2016లో రెండు బృందాలు నిరూపించాయి. కాబట్టి "కొంచెం రుణ శక్తి పెట్టి విశ్వాన్ని ఎగరేశాం" అనడం అంత సులువు కాదు. ఎగిసే నమూనాల్లో చాలావాటికి రుణ గతిజ శక్తి గల క్షేత్రం అవసరమవుతుంది. దాన్ని భూత క్షేత్రం అంటారు. అది ఉంటే శూన్యమే నిలవదు, ధన శక్తి కణాలూ రుణ శక్తి కణాలూ జంటలుగా ఎడతెగకుండా పుట్టుకొస్తాయి. ఆ నమూనాల్ని నిలబెట్టాలని చూసేవాళ్లు మొదట తేల్చాల్సింది ఇదే.

సప్తర్షి:
లూప్ క్వాంటమ్ కాస్మాలజీని, అంటే స్థలాన్నే క్వాంటమ్‌గా చూసే సిద్ధాంతాన్ని విశ్వానికి వర్తింపజేసే పద్ధతిని, మరచిపోవద్దు. అష్టేకర్, పావ్‌లోస్కీ, సింగ్ 2006లో చేసిన లెక్కలో భూత క్షేత్రం లేకుండానే విశ్వం ఎగిసింది, సాంద్రత ప్లాంక్ సాంద్రత దరిదాపులకు చేరినప్పుడు. స్థలానికే కనీస విస్తీర్ణం ఉండటం వల్ల.

ధ్రువతార:
ఒప్పుకుంటాను, అది గంభీరమైన పని. నా సందేహం ఒక్కటే. అక్కడ ముందే విశ్వమంతటినీ సమానంగా ఉన్నట్టు తీసుకుని, ఆ తర్వాత క్వాంటమ్ చేశారు. పూర్తి సిద్ధాంతాన్ని క్వాంటమ్ చేసి తర్వాత సరళం చేసినా అదే జవాబు వస్తుందని ఇంకా చూపించాలి.

సప్తర్షి:
అది న్యాయమైన విమర్శే. అయితే ప్లాంక్ గోడ దగ్గర మరో హద్దు కూడా ఉంది. ఇన్‌ఫ్లేషన్ చాలాసేపు జరిగితే ఇప్పుడు మనం గెలాక్సీల గుంపులుగా చూస్తున్న అలలు మొదట్లో ప్లాంక్ దూరం కంటే చిన్నవై ఉంటాయి. మార్టిన్, బ్రాండెన్‌బర్గర్ 2001లో ఈ చిక్కును ముందుకు తెచ్చారు. 2019లో బెద్రోయా, వఫా అలా జరగడమే నిషిద్ధం అని ప్రతిపాదించారు. అది నిజమైతే మామూలు ఇన్‌ఫ్లేషన్ శక్తి 10⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఆగాలి. ఇన్‌ఫ్లేషన్‌లో పుట్టిన తొలి గురుత్వ తరంగాలు ఎప్పటికీ మన పరికరాలకు అందనంత బలహీనంగా ఉంటాయి.

రోహిణి:
ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తున్నాను. అనిశ్చితత్వం, సంభావ్యతల మొత్తం ఒకటి కావడం, ఇవి ప్రయోగశాలలో లెక్కలేనన్నిసార్లు నిలిచిన సూత్రాలు. బెద్రోయా-వఫా చెప్పింది ఒక ఊహ. స్ట్రింగ్ సిద్ధాంతంలో కొన్ని ఉదాహరణలు దానికి అనుకూలంగా ఉన్నాయి, అంతే. అల తన కనిష్ఠ శక్తి స్థితిలోనే నెమ్మదిగా సాగితే, అది ఒకప్పుడు ఎంత చిన్నదన్నది ఫలితాన్ని మార్చనక్కర్లేదు. కొత్తగా చదివేవాళ్లు ఈ రెండిటినీ ఒకే వరుసలో పెట్టి "క్వాంటమ్ మెకానిక్స్ ఇన్‌ఫ్లేషన్‌ను కొట్టేసింది" అనుకుంటారేమోనని నాకు టెన్షన్.

సప్తర్షి:
ఊహ అని నేనూ ఒప్పుకుంటాను. కానీ తప్పని తేల్చగలిగే ఊహ. తొలి గురుత్వ తరంగాలు కనబడితే, కనీసం మామూలు ఇన్‌ఫ్లేషన్ విషయంలో, అది పోయినట్టే. అలాంటి ధైర్యం ఉన్న ప్రతిపాదనలు నాకు నచ్చుతాయి.

నిర్వాహకులు:
చర్చ బాగా సాగుతోంది. విశ్వ స్థిరాంకం గురించి వచ్చిన రెండు ప్రశ్నలను వేరే అంశంగా మార్చాం, దయచేసి అక్కడ కొనసాగించండి.

తర్కం:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి. క్వాంటమ్ మెకానిక్స్‌లో కొలిచేవాడు బయట ఉండాలి. విశ్వానికి బయట ఎవరూ లేరు. మొత్తం విశ్వానికి క్వాంటమ్ సమీకరణంగా 1967లో డివిట్ ప్రచురించినదాంట్లో అయితే కాలమే లేదు. మరి హార్టిల్-హాకింగ్ 1983లో, విలెంకిన్ 1982లో ఇచ్చిన విశ్వ తరంగ ప్రమేయాలను, అంటే విశ్వం ఎలా మొదలై ఉండొచ్చో సంభావ్యతలు చెప్పే ప్రమేయాలను, ఏ ఆధారంతో నమ్మాలి?

కృత్తిక:
నమ్మమని నేను అననండీ. కానీ వాటిని కూడా పరీక్షకు పెట్టగలిగాం, అది చెప్పుకోవాలి. 2017లో ఫెల్డ్‌బ్రుగ్గె, లెహ్నర్స్, ట్యూరోక్ ఆ ప్రమేయాలను ఇచ్చే సమాకలనిని మరింత జాగ్రత్తగా నిర్వచించి లెక్కిస్తే, పెద్ద హెచ్చుతగ్గులకే ఎక్కువ సంభావ్యత వస్తోందని చూపించారు. అంటే మనం చూసే నున్నని విశ్వం రాదు. హార్టిల్, హాకింగ్ పక్షం వాళ్లు సమాకలని దారిని వేరుగా ఎంచుకోవాలని జవాబిచ్చారు. ఆ వాదం ముగియలేదు. మీరు అడిగిన కొలత సమస్య ఇంకా లోతైనది, దానికి ఇప్పుడున్న జవాబులేవీ నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు.

అన్వేషి:
చివరగా ఒకటి. సప్తర్షి గారు చెప్పిన గురుత్వ తరంగాలు ఎప్పుడు తేలతాయి? 2014లో దొరికాయని విన్నాను కదా?

ధ్రువతార:
2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం, నేపథ్య వికిరణం ధ్రువణంలో వాటి జాడ దొరికిందని ప్రకటించింది. మన గెలాక్సీ ధూళి వల్ల కూడా అలాంటి ధ్రువణం వస్తుందని, ప్లాంక్ దత్తాంశంతో కలిపి చూశాక 2015 మొదట్లో తేలింది. ఆ తర్వాత అదే కుటుంబానికి చెందిన పరికరాలు 2021లో ఇచ్చిన పరిమితి ప్రకారం, గురుత్వ తరంగాలకూ సాంద్రత తరంగాలకూ మధ్య నిష్పత్తి 0.036 కంటే తక్కువ. ఈ ఒక్క సంఖ్య వల్ల పాఠ్యపుస్తకాల్లో ఉండే సరళమైన నమూనాలు, అంటే స్థితిజ శక్తి క్షేత్రం వర్గం మీద ఆధారపడేవి, నాలుగో ఘాతం మీద ఆధారపడేవి, పోయాయి. స్టారోబిన్‌స్కీ 1980 నమూనా మాత్రం 0.003 నుంచి 0.004 దాకా చెబుతుంది, కాబట్టి ఇంకా బతికి ఉంది. చిలీలోని సైమన్స్ అబ్జర్వేటరీ ఇప్పటికే ఈ సంకేతాన్ని వెతుకుతోంది. జపాన్ నాయకత్వంలో లైట్‌బర్డ్ ఉపగ్రహం ప్రణాళికలో ఉంది, అది వెయ్యిలో ఒక వంతు దాకా దిగాలన్నది లక్ష్యం.

రోహిణి:
ఆ సంకేతం దొరికితే మరో ఫలితం కూడా ఉంటుంది. శూన్య స్థితిలోని గురుత్వ క్షేత్రమే కంపించి ఆ తరంగాలు పుట్టాయని తేలితే, గురుత్వానికి క్వాంటమ్ స్వభావం ఉందనడానికి మనకు మొదటి పరిశీలనా సాక్ష్యం దొరికినట్టే. క్రౌస్, విల్‌చెక్ 2014లో ఈ వాదన చేశారు. తర్కం గారు ముందు ఎత్తిన ప్రశ్న, అంటే మూలం క్వాంటమ్ శూన్యమా వేరే ఏదైనానా అన్నది, అక్కడా తేల్చాల్సే ఉంటుంది.

తర్కం:
తప్పకుండా ఎత్తుతాను. ఈలోపు స్టారోబిన్‌స్కీ నమూనా అంత క్షేమంగా లేదని కూడా చెప్పాలి. 2025లో అటకామా కాస్మాలజీ టెలిస్కోప్ ఫలితాలను ప్లాంక్‌తో, గెలాక్సీల సర్వే దత్తాంశంతో కలిపితే వర్ణపట సూచిక 0.974 దగ్గరకు జరిగింది. ఆ నమూనా చెప్పేది 0.967కు మించదు.

ధ్రువతార:
నిజమే, దాని మీద ఇప్పుడు గట్టి చర్చ నడుస్తోంది. ఆ మార్పులో గెలాక్సీల సర్వే దత్తాంశాన్ని కలపడానికి కూడా పాత్ర ఉంది. నేపథ్య వికిరణాన్ని ఒక్కదాన్నే చూస్తే నమూనాకు అంత ఇబ్బంది లేదు. ఆ రెండు దత్తాంశాలూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో ముందు తేలాలి. అప్పుడే స్టారోబిన్‌స్కీ నమూనాను పక్కన పెట్టాలో ఉంచాలో నిర్ణయించగలం.